థాణా గంట కొడితేనే పాలు

బస్తరు సంస్థానం చరిత్ర ఎవరైనా రాస్తే అందులో నా పేరు ఉండదు. ఉండాలి. ఎందుకంటే ఒక వానాకాలంలో కుంట అనే ఊళ్ళో ఒకే రోజున రెండు మధ్యాహ్నాలు వచ్చాయి. కచేరీ గుమాస్తాలు రెండుసార్లు భోజనానికి లేచారు. సుంకం కట్టించుకునే నాకా దగ్గర చింతపండు బండ్లను పట్టపగలే "రాత్రయింది, రేపు రండి" అని ఆపేశారు. ఈ ఘోరాలన్నిటికీ కారకురాలిని నేనే. కత్తి పట్టలేదు, జెండా ఎగరెయ్యలేదు. పురిటి గదిలో మంచం మీద కూర్చుని నా చంటిపిల్లకు పాలివ్వడానికి ప్రయత్నించాను, అంతే.

మీరు నవ్వుకోవచ్చు. నాకేం అభ్యంతరం లేదు. ఊరంతా ఎప్పుడో నవ్వేసింది, ఇక మిగిలింది మీరే.

నేను రాజమండ్రి పిల్లను. ఇంటర్మీడియట్ చదివాను. ఆ రోజుల్లో ఆడపిల్ల ఇంటర్మీడియట్ చదవడమంటే ఇంటి ముందు ఏనుగును కట్టేసుకోవడం లాంటిది. చూడడానికి అందరూ వస్తారు, దానితో ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలియదు. మా నాన్నకూ తెలియక, శబరి ఒడ్డున కుంటలో వ్యాపారం చేసుకునే కుటుంబానికి నన్నిచ్చి పెళ్ళి చేశారు. ఉప్పు, కిరసనాయిలు, బట్టలు అమ్మడం, చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు కొనడం వాళ్ళ పని. పురిటికి పడవ మీద పుట్టింటికి వెళ్ళాల్సింది. కాని శబరి పొంగి పడవలు ఆగిపోయాయి. పిల్ల మాత్రం ఆగలేదు. అలా మా పెద్దమ్మాయి నా అత్తారింట్లోనే, పోలీసు థాణాకు సరిగ్గా ఎదురుగా ఉన్న గదిలో పుట్టింది.

నేను కాలేజీలో ఉండగా ఒక దొరసాని డాక్టరు వచ్చి శిశుపోషణ మీద ఉపన్యాసమిచ్చింది. రెండే ముక్కలు నొక్కి చెప్పింది. ఒకటి, పుట్టిన బిడ్డకు ముర్రుపాలు తప్పకుండా పట్టాలి. రెండు, ఆ తర్వాత గడియారం చూసి నాలుగు గంటలకొకసారే పాలివ్వాలి, మధ్యలో ఎంత ఏడ్చినా తాకకూడదు, తాకితే బిడ్డ క్రమశిక్షణ చెడుతుంది. ఆవిడకు పిల్లలు లేరట. ఆ సంగతి ఉపన్యాసంలో చెప్పలేదు.

పిల్ల పుట్టీ పుట్టగానే మొదటి ముక్క మీద యుద్ధం వచ్చింది. మా అత్తగారు తేనెసీసా, ఆముదం గిన్నె పట్టుకుని గడపలో నిలబడ్డారు.

"ఆ మొదటి పాలు పిండి పారబొయ్యాలె. మూడొద్దులు తేనె, ఆముదం నాకిస్తం. మీ ఆయన గట్లనే పెరిగిండు" అన్నారు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆ చూపులో ఏముందో ఆయనకు అర్థమైనట్టుంది, తలవంచుకుని కొట్టు వైపు వెళ్ళిపోయారు.

"అత్తయ్యగారూ, ఆ పాలే పిల్లకు మొదటి మందు. ఒక్క చుక్క పారబోయనివ్వను."

"ఏందీ? ఆ పచ్చగ, జిగటగ ఉన్నవా పాలు?"

ఈ వాదన సాగుతుండగానే పాప ఎవరి అభిప్రాయమూ అడక్కుండా నోరు పెట్టి తన పని తాను చూసుకుంది. అత్తగారు తేనెసీసా మూత బిగించారు. నేను గెలిచాను.

అక్కడే నా పతనం మొదలైంది. చెప్పిన మాటల్లో ఒకటి నిజమైతే మిగతావన్నీ నిజమేననుకునే జబ్బు చదువుకున్నవాళ్ళకు ఎక్కువ. ముర్రుపాల విషయంలో దొరసాని మాట రైటయింది కనక, గడియారం మాట వేదమైపోయింది.

వేదం ఉంది గాని గడియారం లేదు. మాది త్రాసుతో బతికే ఇల్లు. కాలాన్ని తూచే అలవాటు లేదు. ఊరు మొత్తానికి గడియారాలు రెండు. ఒకటి తహసీల్దారుగారి జేబులో, రెండోది థాణాలో. ఆ థాణా టైంపీసు చూసి రాందీన్ అనే సిపాయి వసారాలో వేలాడే జేగంట కొడతాడు. ఆ గంటకే కచేరీ తెరుస్తారు, బడి వదులుతారు, నాకా మూస్తారు, నది ఆవలి ఒడ్డుకు పడవ కదులుతుంది. ఇంతమందికి పనికొచ్చిన గంట నా పిల్లకు పనికి రాకపోతుందా అనుకున్నాను. ఆరు, పది, రెండు, మళ్ళీ ఆరు. థాణా గంట కొడితేనే పాలు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా ఇంట్లో అడిగినా పెట్టలేదు. గంట కొట్టాలి.

"ఏందమ్మా, పిల్ల గొంతు చించుకుంటాంది, నీకు వినపడ్తలేదా?" అని అత్తగారు వచ్చేవారు.

"వినిపిస్తోందండీ. ఇంకా పది కొట్టలేదు."

"పది కొట్టకపోతే ఏంది?"

"పది కొట్టాకే పాలివ్వాలి. అలవాటు చేస్తే పిల్లకే తెలుస్తుంది."

"నా కొడుక్కి మీసాలొచ్చినంక గూడ పొద్దెక్కింది తెల్వదు. నిన్న పుట్టిన పిల్లకు పది తెలుస్తదా?"

"క్రమశిక్షణ అత్తయ్యగారూ."

"అది ఏ చెట్టు పసరు?"

నేను చిరునవ్వు నవ్వాను. చదువుకున్నవాళ్ళ చిరునవ్వు ఎంత చిరాకు పుట్టిస్తుందో నాకు ఆ తర్వాత చాలా ఏళ్ళకు, నా కోడలు నన్ను చూసి నవ్వినప్పుడు తెలిసింది.

సరే, గంట కొట్టేది. ఇప్పుడు పాలివ్వబోతే పిల్ల ఉండాలి కదా, పిల్ల ఉండేది కాదు. అంటే మనిషి ఒళ్ళోనే ఉండేది, ఏడ్చి ఏడ్చి నిద్రలోకి జారిపోయేది. అరికాళ్ళు గిల్లాను, తడిగుడ్డతో మొహం తుడిచాను, చెవిలో పిలిచాను. కచేరీలో అర్జీ పెట్టినట్టే ఉండేది, జవాబు రాదు. ఈలోగా నాకు పాలు పడ్డాయి. పడడమంటే మామూలుగా కాదు. తాగేవాళ్ళు లేక రెండు వైపులా గట్టిపడి తిరగలి రాళ్ళయ్యాయి. ముట్టుకుంటే మంట. ఒళ్ళు కాగింది. చివరకు పిల్ల మేలుకుని నోరు పెట్టినా పట్టు దొరికేది కాదు, నూనె రాసిన గోలీని పెదవులతో పట్టుకోబోయినట్టు జారిపోయేది. ఒక క్షణం చివర పట్టుకుని నమిలేది, నాకు నక్షత్రాలు కనిపించేవి, మళ్ళీ వదిలేసి ఇద్దరం ఏడ్చేవాళ్ళం. అది బిగ్గరగా, నేను గౌరవంగా.

ఇంత నవ్వు మధ్య ఒక్క మాట నవ్వకుండా చెబుతాను. పిల్ల బుగ్గలు లోపలికి పోయాయి. తొడల మీద చర్మం వదులైంది. అత్తగారు దాని కాలు పట్టుకుని చూసి, నా మొహం చూసి, గొంతు తగ్గించి అన్నారు: "ఇట్లయితే పిల్ల దక్కదు కోడలా. సంతల పాడిమేకను తెప్పిస్త. ఉగ్గుగిన్నెతోని మేకపాలు పడ్త."

 గిన్నెకు అలవాటు పడిన పిల్ల మళ్ళీ తల్లి దగ్గరకు రాదని, తాగేవాళ్ళు లేకపోతే పాలు ఎండిపోతాయని నాకు తెలుసు. నా పిల్లకు నా పాలే కావాలి. నా పాలు ఆ పిల్లే తాగాలి. లోకంలో అంతకు మించి ఆ రోజు నాకేదీ అక్కర్లేదు. అయినా గంట నియమం వదలాలని తట్టలేదు చూడండి, మూర్ఖత్వం కూడా చదువుతో పాటు వృద్ధి చెందే విషయం.

సంతరోజున మేక వచ్చింది. నల్లటిది, చెవి మీద తెల్లమచ్చ. నా కిటికీకి ఎదురుగా వసారా స్తంభానికి కట్టారు. అది నెమరేస్తూ నన్నే చూసేది. దాని పక్కన ఒక మేకపిల్ల. దానికి గంటలతో నిమిత్తం లేదు. ఎప్పుడనిపిస్తే అప్పుడు వెళ్ళి పొదుగులో తల దూర్చేది. ఇంటర్మీడియట్ చదివిన నేను ఒక మేకను చూసి అసూయపడ్డాను. ఈ సంగతి ఇంతకు ముందు ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు రంగంలోకి దిగింది మా తోటికోడలు నాగరత్నం అక్క. ఎంతమంది పిల్లలక్కా అంటే "ఉండు, లెక్కబెట్టి చెప్త" అనే మనిషి. గొంతు మాత్రం శబరి ఆవలి ఒడ్డుకు వినిపిస్తుంది. గదిలోకి వచ్చీ రాగానే నా అవతారం చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏందే చెల్లె, పాలిస్తున్నవా, పిల్లతోని కుస్తీ పడ్తున్నవా?"

"పట్టుకోవడం లేదక్కా."

"ఎట్ల పట్టుకుంటది? బండమీద జలగ అంటుకుంటదా? ముందు మెత్తబడాలె."

వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి కాపడం పెట్టింది. చేత్తో మెల్లగా ఒత్తి కొన్ని పాలు తీసేయించింది. రాయి కాస్త పిండయింది. పిల్లను నా పొట్టకు పొట్ట ఆనించి తిప్పింది.

"మెడ తిప్పి పక్కకు చూసుకుంట నువ్వు నీళ్ళు తాగుతవా? మరి దాన్నెందుకు గట్ల పండబెట్టినవ్? ఇగ ఆగు. పెదవి మీద తాకించు. ఇంక నోరు తెరవలే, ఆగు... పెద్దగ తెరవాలె, పిట్టపిల్ల లెక్క... ఆఁ, ఇప్పుడు దగ్గరికి లాగు! నువ్వు వంగుడు కాదు, దాన్నే లాగు! చివర ఒక్కటే కాదు, నల్లదంత నోట్లెకు పోవాలె."

పిల్ల పట్టుకుంది. ఈసారి నక్షత్రాలు కనిపించలేదు. దవడ కదులుతోంది, గుటక పడుతోంది. ఆ గుటక చప్పుడు విని మేం ముగ్గురం, గడపలో నిలబడ్డ అత్తగారితో సహా, ఊపిరి బిగబట్టాం. నాకు కళ్ళు మసకబారాయి. అక్క కూడా ముక్కు తుడుచుకుని, పొగ వల్లనని చెప్పింది. గదిలో పొగ లేదు.

ఆ వెంటనే నాకు దాహం వేసింది. బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళు నీరు పడుతుందని అత్తగారు నాకు శొంఠినీళ్ళు ఉద్ధరిణెతో పోసేవారు. అక్క చెంబు నిండా కాచిన నీళ్ళు తెచ్చి, "ఇది మందు అత్తమ్మా, వాము వేసిన" అని నా చేతికిచ్చింది. అందులో వాము ఎంత వెతికినా కనిపించలేదు.

ఇక్కడితో కథ సుఖాంతమవ్వాలి. ఇంకెవరైనా అయితే అయ్యేది.

"ఇగ అది ఏడ్చినప్పుడల్ల ఇట్లనే పట్టు" అంది అక్క లేస్తూ.

"ఏడ్చినప్పుడల్లా కాదక్కా. గంట కొట్టినప్పుడు."

"ఏంది?"

"పట్టించే పద్ధతి నువ్వు చెప్పింది బ్రహ్మాండంగా ఉంది. కాని వేళ మాత్రం శాస్త్ర ప్రకారం."

అక్క నన్ను చూసింది, మేకను చూసింది. మా ఇద్దరిలో దేనికి తెలివి ఎక్కువో తేల్చుకున్నట్టు మేక వైపు జాలిగా తల ఊపి వెళ్ళిపోయింది. అత్తగారు తీర్పు చెప్పారు: "వచ్చే సంత దాంక చూస్త. అప్పటికి పిల్ల ఏడ్సుడు ఆగి, ఒళ్ళు చెయ్యకపోతే, నీ గంట నీది, నా గిన్నె నాది."

ఆ మర్నాటి నుంచి అద్భుతం జరిగింది.

పిల్ల కెవ్వుమంది. నేను నియమం ప్రకారం కొంగు బిగించుకుని కూర్చున్నాను. రెండో కెవ్వు పూర్తవకముందే ఎదురుగా థాణాలో జేగంట మోగింది. టంగ్, టంగ్, టంగ్... పది! నేను పొంగిపోయి పిల్లను ఎత్తుకున్నాను. ఏడ్చి అలసిపోలేదు గనక చురుగ్గా ఉంది. నోరు పెద్దగా తెరిచింది, చక్కగా పట్టుకుంది, కడుపునిండా తాగింది. మళ్ళీ ఏడ్చింది. మళ్ళీ గంట. రెండు!

"చూశారా అత్తయ్యగారూ! పిల్లకు వేళ తెలిసిపోయింది! సరిగ్గా గంటకు ముందు ఏడుస్తోంది!"

అత్తగారు నోరు తెరిచి నిలబడ్డారు. నాగరత్నం అక్క పిలిస్తే వచ్చి కిటికీ దగ్గర నిలబడి స్వయంగా చూసింది. పిల్ల ఏడ్చింది, గంట మోగింది.

"ఇదేందో మాయనే చెల్లె. మా పిల్లలకు పెండ్లిళ్ళైనంక గూడ టైము తెల్వలే."

"మాయ కాదక్కా, క్రమశిక్షణ."

రాత్రిళ్ళు థాణా పడుకునేది, నేనూ పడుకునేదాన్ని. అక్క పిల్లను నా పక్కలో వేసి వెళ్ళేది. నిద్రలో జరిగేవాటికి శాస్త్రం బాధ్యత వహించదు.

రోజులు గడిచేకొద్దీ తిరగలి రాళ్ళు మాయమయ్యాయి. పిల్ల నమిలిన పుళ్ళు మానాయి. పిల్ల బుగ్గలు పూరీల్లా పొంగాయి. మేకపాలు మా ఆయన టీలోకి వెళ్ళిపోయాయి. చూడడానికొచ్చిన ప్రతి ఆడమనిషికీ నేను ఉపన్యాసమిచ్చాను. దొరసాని కంటే మెరుగ్గా ఇచ్చాననే నా నమ్మకం, నాకు పిల్ల కూడా ఉంది కదా. ఒకావిడ భయం భయంగా, "మరి ఆరు కొట్టిన కొంచెం సేపటికే పది కొడ్తాంది గదమ్మా ఈ మధ్య?" అని అడిగింది.

"పనిలో శ్రద్ధ ఉన్నప్పుడు కాలం అలాగే పరుగెడుతుంది" అన్నాను.

కిటికీలు ఓరగా మూసిన గది, బయట మబ్బు, కళ్ళ నిండా బాలింత నిద్ర. పొద్దు ఎక్కడుందో నాకేం తెలుసు? ఊరికి మాత్రం తెలుస్తోంది, దానికి చెప్పే ధైర్యం లేదు. సూర్యుడు ఒకటి చెబుతున్నాడు, సర్కారు గంట ఇంకోటి చెబుతోంది. సంస్థానంలో ఉన్నవాడు ఎవరి మాట వినాలి? సూర్యుడు జరిమానా వెయ్యడు గదా. కాబట్టి కచేరీ గుమాస్తాలు అన్నం తిని వచ్చి, మళ్ళీ మధ్యాహ్నం గంట కొట్టగానే విశ్వాసపాత్రంగా మళ్ళీ లేచారు. బడిపిల్లలు కూర్చున్నంతలో ఇళ్ళకు వచ్చేశారు. వరద తగ్గి మళ్ళీ పని మొదలెట్టిన పడవవాడు సగం మంది ఎక్కకుండానే కదిలిపోయాడు. తహసీల్దారుగారు థాణా అధికారి దరోగాను వెంటబెట్టుకుని, శబరి పొంగకముందే కిష్టారం వైపు ఊళ్ళ తనిఖీకి, దౌరాకు వెళ్ళి ఉండబట్టి ఇదంతా అడిగేవాళ్ళు లేరు.

వాళ్ళు తిరిగి వచ్చారు. జేబుగడియారం ప్రకారం పట్టపగలు. కచేరీకి తాళం. నాకా మూసి ఉంది. చింతలనారు నుంచి అడవంతా నడిచి వచ్చిన రైతులు కచేరీ మెట్ల మీద కూర్చుని, "రాత్రయిందట బాబయ్యా, పొద్దున రమ్మన్నరు" అని ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పారు.

విచారణ థాణా వసారాలోనే, అంటే మా కిటికీకి ఎదురుగానే జరిగింది. ఊరంతా పోగైంది. నేను కిటికీ సందులోంచి చూస్తున్నాను. తహసీల్దారుగారు హిందీలో ఉరిమారు. తెలుగులో రాస్తే ఆ ఉరుము సగానికి తగ్గుతుంది, మిగతా సగం మీరే కలుపుకోండి.

"రాందీన్! ఇప్పుడెంతయింది?"

రాందీన్ అటెన్షన్‌లో నిలబడి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడు నా వెనక మంచం మీద పిల్ల కెవ్వుమంది.

అంతే. ఆ సిపాయి తహసీల్దారుగారికి వీపు చూపించి పరుగెత్తి, సుత్తి అందుకుని టంగ్, టంగ్ అని రెండు కొట్టి, తిరిగి పరుగెత్తుకొచ్చి సలాం చేసి అన్నాడు: "రెండైంది, హుజూర్!"



"నేను అడుగుతుంటే ఎందుకు కొట్టావురా?"

"బచ్చీ ఏడ్చింది, హుజూర్."

"ఎవరి బచ్చీ?"

రాందీన్ చెయ్యి చాపి మా కిటికీ చూపించాడు. ఊరు ఊరంతా తల తిప్పింది. నేను కిటికీ కిందికి కుంగిపోయాను. ఆ కంగారులో పిల్లను ఎత్తుకోవడం కూడా గుర్తు రాలేదు, అది ఇంకా గట్టిగా అందుకుంది.

గుంపులోంచి మా ఆయన ముందుకొచ్చారు. చేతులు కట్టుకున్నారు.

"తప్పు నాది హుజూర్. మా ఇంటామె చదువుకున్నది. గంట కొడితే గాని పిల్లకు పాలియ్యదు. ఇంట్ల చెప్పేటంత ధైర్యం నాకు లేకపాయె. పిల్ల ఏడ్సుడు చూడలేక నేనే రాందీన్ భాయిని అడిగిన. అది ఏడ్చినప్పుడల్ల, ఏ గంట కావాల్నో ఆ గంట కొట్టమని."

"లంచం ఇచ్చావా?"

"కాయం ఉండలు ఇచ్చిన, హుజూర్."

కాయమంటే బాలింతకు బలం కోసం మిరియాలు, శొంఠి, బెల్లం కలిపి చేసే ఉండ. నా కాయం కుండ ఎందుకు ఖాళీ అవుతోందో నాకు అప్పుడు తెలిసింది. నేను తినకుండా పారేస్తున్నాననుకుని అత్తగారు, అత్తగారు దాస్తున్నారనుకుని నేను, వారం రోజులుగా అనుమానించుకుంటున్నాం.

"చాలా ఘాటు, హుజూర్" అని రాందీన్ ఫిర్యాదు చేశాడు, "అయినా సర్కారు డ్యూటీ అని తిన్న."

పిల్లకు వేళ తెలిసిందని ఊరంతా ఉపన్యాసాలిచ్చినదాన్ని నేను. పిల్ల గంటకు అలవాటు పడలేదు, గంటే పిల్లకు అలవాటు పడింది. నాగరత్నం అక్క నేలమీద కూలబడి నవ్వుతోంది. ఆ నవ్వు ఆవలి ఒడ్డుకు వినిపించి ఉంటుంది.

నేను మాత్రం ఆఖరి గడ్డిపోచ పట్టుకున్నాను. సరే, ఈ వారం మోసపోయాను, ఒప్పుకుంటాను. కాని అంతకు ముందు? మొదటి రోజుల్లో నేను పాటించింది అసలైన కాలమే కదా? పిల్ల చిక్కిపోతే పోయింది గాని, శాస్త్రమైతే సక్రమంగానే జరిగింది కదా?

తహసీల్దారుగారు మీసం కింద ఏదో దాచుకుంటూ, "ఇక చాలు. టైంపీసు తీసుకురా. సరిచేసి పెడతాను. ఇవాళ్టి నుంచి దాని ప్రకారమే గంట" అన్నారు.

రాందీన్ కదల్లేదు.

"తీసుకురా!"

తెచ్చాడు. తహసీల్దారుగారు దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నారు, ఊపారు, వెనక మూత తీశారు. లోపలి నుంచి ఎర్రచీమలు బారుగా నడిచివచ్చాయి. వాటి వెనక కాస్త మట్టి.

"ఇది ఎప్పటి నుంచి ఆగిపోయింది?"

"శబరి పొంగినప్పటి నుంచి, హుజూర్."

"అప్పటి నుంచా! మరి ఈ షావుకారు నీ దగ్గరకు రాకముందు ఏ లెక్కన కొట్టావు గంటలు?"

రాందీన్ బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఆకలి లెక్కన, హుజూర్."

"ఎవరి ఆకలి?"

"నాదే, హుజూర్. లేచినంక కొంచెం ఆకలైతే పది కొట్టేటోణ్ణి. బాగ ఆకలైతే పన్నెండు. రోటీ తిని పండుకుని లేస్తే రెండు. ఒకరోజు కడుపు బాగలేదు, ఆ రోజు పది కొట్టలే."

ఆ రోజు నాకు గుర్తుంది. ఆ రోజు పది కోసం నేను చాలాసేపు చూశాను. పిల్ల ఎక్కిళ్ళు పెట్టి పెట్టి నిద్రపోయింది. నేను కళ్ళు తుడుచుకుంటూ, పళ్ళ బిగువున క్రమశిక్షణ కాపాడాను. అక్కడ సిపాయికి అజీర్ణం చేసిందట, అంతే.

 అత్తగారు ఏడుస్తున్న పిల్లను ఎత్తి నా ఒళ్ళో పెట్టారు. ఆవిడ గెలిచారు గనక కేకలెయ్యొచ్చు. వెయ్యలేదు. కొంగు సర్దుతూ మెల్లగా అన్నారు: "సిపాయికి ఆకలైతే గంటనా అమ్మా, నా మనవరాలికి ఆకలైతే తప్పా?"

ఇంటర్మీడియట్‌లో దీనికి సమాధానం చెప్పలేదు. నేను పిల్లను పొట్టకు ఆనించుకున్నాను. అది నోరు పెద్దగా తెరిచింది. ఎదురుగా జేగంట గాలికి ఊగుతోంది గాని ఎవరూ కొట్టలేదు. ఏ గంటా కాని వేళలో, బస్తరు సంస్థానంలో ఎంతైందో ఎవరికీ తెలియని వేళలో, నా కూతురు గుటకలు వేస్తూ పాలు తాగింది.

కాబట్టి శబరి సాక్షిగా, ఇంత దూరం చదివిన మీ సాక్షిగా ఇందుమూలముగా ప్రతిజ్ఞ చేయడమేమనగా: ఇకమీదట నేను కన్న ఏ బిడ్డ ఆకలినీ సర్కారు ఉద్యోగి ఆకలితో కొలవను, కొలవనివ్వను, అటువంటి కొలతను శాస్త్రమని పిలవను. నా పళ్ళన్నీ ఊడి, మునిమనవలు నడుస్తున్న ఈ వయసులో ఈ ప్రతిజ్ఞను భంగపరచడం నా వల్ల కాదు. దేవుడు తలచుకున్నా అంత సులభం కాదు.